గాస్: లెక్కల శ్రమను తగ్గించి, ఆ మార్గాన్ని కాగితాల్లోనే వదిలి వెళ్లిన గణితవేత్త

మొబైల్ ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు మనిషి గొంతు ముందుగా అంకెలుగా మారుతుంది. ఆ అంకెల నుంచి చుట్టుపక్కల రొదను వేరుచేయడం, మాటను కుదించి పంపడం, అవతలి వైపు తిరిగి శబ్దంగా మలచడం వంటి పనులను డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్ అనే చిన్న చిప్ నిర్వహిస్తుంది. పని రెప్పపాటులో పూర్తి కావాలి. బ్యాటరీ మీద భారం పడకూడదు. అందుకే ఈ చిప్‌లకు ప్రోగ్రాములు రాసేవారిని ఒక ప్రశ్న ఎప్పుడూ వెంటాడుతుంది. ఇదే ఫలితాన్ని ఇంతకంటే తక్కువ గుణకారాలతో రాబట్టడం ఎలా?

ఈ ప్రశ్న కంప్యూటర్ల కంటే చాలా పాతది. రెండు శతాబ్దాల కిందట జర్మనీలో ఈకకలంతో గ్రహాల కక్ష్యలను లెక్కగట్టిన కార్ల్ ఫ్రెడరిక్ గాస్ జీవితమంతా ఈ ప్రశ్నతోనే గడిచిందని చెప్పవచ్చు. నేటి సిగ్నల్ ప్రాసెసింగ్‌కు గుండెకాయ లాంటి ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ పద్ధతిని ఆయన 1805లోనే కనుగొన్నారు. కానీ దానిని ప్రచురించలేదు. 160 ఏళ్ల తరువాత మరో ఇద్దరు దానిని కొత్తగా కనుగొన్నాకే ప్రపంచం దాని విలువను గుర్తించింది.

పుట్టిన తేదీ చెప్పిన శేషాలు

గాస్ 1777 ఏప్రిల్ 30న బ్రన్స్‌విక్ పట్టణంలో జన్మించారు. తండ్రి గెబ్‌హార్డ్ తాపీపని, తోటపని వంటివి చేసి కుటుంబాన్ని పోషించేవారు. తల్లి డొరోథియా పేదింటి నుంచి వచ్చినవారు, పెళ్లికి ముందు ఇళ్లలో పనిచేశారు. చదువు అంతగా లేని ఆమె కుమారుడి పుట్టిన తేదీని రాసి పెట్టుకోలేదు. క్రీస్తు ఆరోహణ పండుగకు ఎనిమిది రోజుల ముందు వచ్చిన బుధవారమని మాత్రం గుర్తుంచుకున్నారు.

ఆరోహణ పండుగ ఏ తేదీన వస్తుందో ఈస్టర్‌ను బట్టి తెలుస్తుంది. ఈస్టర్ చంద్రగతిని, సూర్యగతిని రెండింటినీ అనుసరించి ఏటా మారుతుంది. మన పంచాంగాల్లో పండుగ తిథులను నిర్ణయించడంలో ఎంత గణితం ఉంటుందో ఇందులోనూ అంతే ఉంటుంది. పెద్ద పట్టికలు వెదకవలసిన ఈ పనిని గాస్ 1800లో కొన్ని భాగహారాలకు కుదించి ప్రచురించారు. సంవత్సరాన్ని 19తో, 4తో, 7తో భాగించి శేషాలను తీసుకోవాలి. వాటితో మరో రెండు చిన్న లెక్కలు చేస్తే ఈస్టర్ తేదీ వస్తుంది. 1777కు ఆ శేషాలు 10, 1, 6. వాటి నుంచి వచ్చే తేదీ మార్చి 30. ఆ ఏడాది ఆరోహణ పండుగ మే 8న వచ్చింది. దానికి ఎనిమిది రోజుల ముందరి బుధవారం ఏప్రిల్ 30. తల్లి జ్ఞాపకంలోని ఒక ఆనవాలు ఇలా తేదీగా మారింది.

బడిలో జరిగినట్లు చెప్పుకునే కథ మరింత ప్రసిద్ధం. ఒకటి నుంచి వంద వరకు అంకెలను కూడమని ఉపాధ్యాయుడు బ్యూట్నర్ ఆదేశించగా, బాలుడైన గాస్ మొదటి అంకెను చివరి అంకెతో జత చేశాడని, 101 చొప్పున 50 జతలు వస్తాయి గనుక మొత్తం 5,050 అని వెంటనే పలక మీద రాశాడని అంటారు. ఈ కథ గాస్ వృద్ధాప్యంలో చెప్పగా విన్నవారి ద్వారా ప్రచారంలోకి వచ్చింది. వివరాలు ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు. అయినా ఆయన జీవితకాలపు పద్ధతి ఏమిటో ఆ కథ సరిగానే చూపుతుంది. 99 కూడికలను ఒక్క గుణకారంగా మార్చడమే అందులోని ఉపాయం.

ప్రభువు ఆదరణ

తండ్రి కుమారుడిని ఏదో ఒక చేతిపనిలో పెట్టాలనుకున్నారు. బడిలో సహాయకుడిగా ఉన్న యోహాన్ మార్టిన్ బార్టెల్స్ గాస్ కంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఇద్దరూ కలిసి గణిత గ్రంథాలు చదివారు. పిల్లవాడి ప్రతిభ గురించిన వార్త బ్రన్స్‌విక్ డ్యూక్ కార్ల్ విల్‌హెల్మ్ ఫెర్డినాండ్‌కు చేరింది. డ్యూక్ ఇచ్చిన భృతితో గాస్ 1792లో స్థానిక కరోలినుమ్ కళాశాలలో, 1795లో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో చేరారు.

పదిహేనేళ్ల వయసులో ఆయన చేతికి లాగరిథమ్ పట్టికల పుస్తకం ఉండేది. లాగరిథమ్‌లు గుణకారాన్ని కూడికగా మార్చే సాధనాలు. ఆ పట్టికలను, ప్రధాన సంఖ్యల జాబితాలను పక్కపక్కన చూస్తూ, ప్రధాన సంఖ్యలు ఏ తీరున పలుచబడతాయో ఆయన ఊహించగలిగారు. అంకెలను విసుగు లేకుండా పరిశీలించడం, వాటిలోని క్రమాన్ని పట్టుకోవడం, ఆ క్రమంతో తరువాతి లెక్కను తేలిక చేసుకోవడం అప్పటికే ఆయనకు అలవాటైంది.

1796 మార్చి 30న, ఇంకా 19 ఏళ్లు నిండకముందే, కొలబద్ద, వృత్తలేఖినితో మాత్రమే 17 భుజాల సమబహుభుజిని గీయవచ్చని గాస్ కనుగొన్నారు. రెండు వేల ఏళ్లుగా ఎవరికీ తెలియని సంగతి అది. భాషాశాస్త్రమా, గణితమా అని ఊగిసలాడుతున్న ఆయన ఆ రోజుతో గణితాన్నే ఎంచుకున్నారు. ఆ రోజు నుంచే ఒక చిన్న దినచర్య పుస్తకంలో తన ఫలితాలను లాటిన్‌లో క్లుప్తంగా రాసుకోవడం మొదలుపెట్టారు. అందులోని 146 నమోదులు 1898 దాకా లోకానికి తెలియలేదు.

1801లో వెలువడిన సంఖ్యాశాస్త్ర గ్రంథం 'డిస్క్విజిసియోనెస్ అరిథ్మెటికే' ఆయనను ఐరోపాలో అగ్రశ్రేణి గణితజ్ఞుల సరసన నిలిపింది. గడియారంలో 12 దాటగానే మళ్లీ 1 వచ్చినట్లు, ఒక హద్దు చేరగానే మొదటికి వచ్చే సంఖ్యల గణితాన్ని ఆయన అందులో శాస్త్రంగా నిలబెట్టారు.

తప్పిపోయిన గ్రహం

అదే 1801 జనవరి 1న సిసిలీలోని పలెర్మో వేధశాలలో జ్యుసెప్పే పియాజ్జి ఆకాశంలో ఒక కొత్త చుక్కను గుర్తించారు. దానికి సెరెస్ అని పేరు పెట్టారు. ఫిబ్రవరి 11 వరకు, అంటే ఆరు వారాల పాటు మాత్రమే దానిని గమనించగలిగారు. ఆ తరువాత అది సూర్యకాంతిలో కలిసిపోయింది. కొన్ని నెలల తరువాత అది ఎక్కడ కనిపిస్తుందో చెప్పడానికి చేతిలో ఉన్నది కక్ష్యలో చాలా చిన్న ముక్క. ఖగోళ శాస్త్రవేత్తలు వేసిన అంచనాలు ఒకదానితో ఒకటి పొసగలేదు.

గాస్ ఆ కొద్ది పరిశీలనల నుంచే కక్ష్యను లెక్కగట్టారు. పరిశీలనల్లో సహజంగా ఉండే చిన్న చిన్న దోషాల ప్రభావం తగ్గేలా ఫలితాన్ని సరిదిద్దుకున్నారు. ఇతరుల అంచనాలకు చాలా దూరంగా ఉన్న చోటును సూచించారు. ఆ ఏడాది చివరి రోజుల్లో ఫ్రాంజ్ ఫాన్ జాక్, 1802 జనవరి 1న బ్రెమెన్‌లో హైన్‌రిష్ ఓల్బర్స్ సెరెస్‌ను దాదాపు ఆయన చెప్పిన చోటనే తిరిగి చూశారు. 24 ఏళ్ల గాస్ పేరు గణితజ్ఞుల వలయాన్ని దాటి మారుమోగింది.

ఆ విజయం ఆయన మీద పెద్ద భారాన్నే మోపింది. 1802లో ఓల్బర్స్ పల్లాస్‌ను, 1804లో కార్ల్ హార్డింగ్ జూనోను, 1807లో మళ్లీ ఓల్బర్స్ వెస్టాను కనుగొన్నారు. ప్రతి కొత్త గ్రహశకలానికీ కక్ష్య కావాలి. ప్రతి కొత్త పరిశీలనతో పాత లెక్కను సవరించాలి. సహాయకులు లేరు, యంత్రాలు లేవు. లెక్క ఎంత పొడవైతే పొరపాటుకు అంత అవకాశం. ఒక గుణకారం తప్పితే దాని తరువాతి పనంతా వృథా. లెక్కను కుదించడం ఆయనకు నిత్యావసరమైంది.

1805: పన్నెండు బిందువుల లెక్క

1805 శరదృతువులో గాస్ 28 ఏళ్ల యువకుడు. అక్టోబరు 9న యోహన్నా ఓస్ట్‌హోఫ్‌ను వివాహం చేసుకున్నారు. అంతరాల్లోని విలువలను అంచనా వేసే పద్ధతి గురించి లాటిన్‌లో ఒక వ్యాసం రాసింది కూడా ఇంచుమించు ఆ నెలల్లోనేనని పరిశోధకుల నిర్ధారణ.

అందులో ఆయన తీసుకున్న ఉదాహరణ పల్లాస్‌కు సంబంధించినది. సమాన దూరాల్లో ఉన్న 12 స్థానాలకు పల్లాస్ కక్ష్య విలువలు తెలుసు. మధ్యలోని విలువలు కావాలి. కక్ష్య మళ్లీ మళ్లీ అదే దారికి వస్తుంది గనుక, దానిని వేర్వేరు వేగాలతో ఊగే తరంగాల మొత్తంగా రాయవచ్చు. ఏ తరంగం ఎంత పాలు ఉందో తెలిస్తే ఎక్కడి విలువనైనా చెప్పవచ్చు. నేడు ఇంజినీర్లు శబ్దంలోని శ్రుతులను విడదీసేది కూడా ఈ విధంగానే. జోసెఫ్ ఫోరియర్ ఉష్ణప్రసారంపై తన సుప్రసిద్ధ పత్రాన్ని పారిస్‌లో సమర్పించింది 1807లో. గాస్ వ్యాసం అంతకంటే ముందరిది.

నేరుగా వెళితే ఒక్కొక్క తరంగం కోసం 12 విలువలనూ తగిన సైన్, కొసైన్ విలువలతో గుణించి కూడాలి. అలా 12 సార్లు చేయాలి. మొత్తం 144 గుణకారాలు. గాస్ ఆ 12 బిందువులను నాలుగేసి చొప్పున మూడు గుంపులుగా విడదీశారు. ఒక్కో గుంపును విడిగా లెక్కగట్టడానికి 16 గుణకారాలు, మూడింటికి 48. ఆ చిన్న ఫలితాలను తిరిగి జతపరచడానికి 36. మొత్తం 84తో పని ముగుస్తుంది. సున్నాతోను ఒకటితోను వచ్చే గుణకారాలను వదిలేస్తే భారం ఇంకా తగ్గుతుంది. బిందువుల సంఖ్యకు మరిన్ని కారణాంకాలు ఉంటే ప్రతి గుంపునూ మళ్లీ విడదీయవచ్చని, దానితో యాంత్రికమైన శ్రమ తగ్గుతుందని కూడా ఆయన గమనించారు.

అసలు బలం ఆ చివరి గమనికలోనే ఉంది. 12 బిందువుల దగ్గర ఆదా సగానికంటే తక్కువే. 1,024 బిందువులు ఉన్నప్పుడు నేరు పద్ధతికి 10,48,576 గుణకారాలు కావాలి. సగానికి సగంగా పదిసార్లు విడదీసుకుంటూ పోతే దాదాపు 5,120 చాలు. అంటే పని 200 రెట్లకు పైగా తగ్గుతుంది. బిందువులు పెరిగిన కొద్దీ ఈ వ్యత్యాసం ఇంకా పెరుగుతుంది. కాగితం మీద లెక్కించే మనిషికి వెయ్యి బిందువుల అవసరం రాదు. అందుకే అది తన పరిశోధనలన్నిటిలోకీ ఎక్కువ మందికి పనికివచ్చే పనిముట్లలో ఒకటి అవుతుందని అనుకోవడానికి ఆయనకు కారణం కనిపించి ఉండదు. వ్యాసం కాగితాల కట్టలోనే ఉండిపోయింది.

యుద్ధం, మరణాలు

1806 అక్టోబరులో నెపోలియన్ సేనలతో జరిగిన యుద్ధంలో ప్రష్యన్ సైన్యానికి నాయకత్వం వహించిన బ్రన్స్‌విక్ డ్యూక్ తీవ్రంగా గాయపడి, నవంబరులో మరణించారు. గాస్‌కు ఆశ్రయమూ భృతీ పోయాయి. 1807లో ఆయన గోటింగెన్ వేధశాల సంచాలకుడిగా, ఖగోళశాస్త్ర ఆచార్యుడిగా చేరారు. ఫ్రెంచి పాలకులు ఆయనకు కూడా 2,000 ఫ్రాంకుల యుద్ధపన్ను విధించారు. ఓల్బర్స్ డబ్బు పంపారు. పారిస్‌లో గణితజ్ఞుడు లాప్లాస్ ఆ మొత్తాన్ని చెల్లించారు. స్వాభిమాని అయిన గాస్‌కు ఇతరులు తన బాకీ తీర్చడం రుచించలేదు.

అంతకంటే పెద్ద దెబ్బ 1809లో తగిలింది. యోహన్నా మూడో కాన్పు తరువాత అక్టోబరు 11న మరణించారు. ఆ పసివాడు లూయిస్ కూడా కొన్ని నెలలకే కన్నుమూశాడు. సెరెస్, పల్లాస్, జూనోలను కనుగొన్న ముగ్గురి పేర్లను అనుసరించి గాస్ తన ముగ్గురు పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. జూనోను కనుగొన్న హార్డింగ్ పేరిటివాడు లూయిస్. మరుసటి ఏడాది గాస్ యోహన్నా స్నేహితురాలు మిన్నా వాల్డెక్‌ను వివాహం చేసుకున్నారు. ఆమె కూడా దీర్ఘకాలం వ్యాధితో బాధపడి 1831లో మరణించారు. ఇద్దరు కుమారులు అమెరికాకు వలస వెళ్లారు. తల్లి డొరోథియా మాత్రం చివరి ఇరవై ఏళ్లకు పైగా కుమారుడి వద్దనే వేధశాలలో గడిపి, 1839లో తొంభై ఏళ్లు దాటిన వయసులో మరణించారు.

పనిముట్లకు పదును

ఈ కష్టాల మధ్యనే గాస్ గణనకు సంబంధించిన సాధనాలను ఒక్కొక్కటిగా తీర్చిదిద్దారు. 1809లో వచ్చిన కక్ష్యల గ్రంథంలో కనిష్ఠ వర్గాల పద్ధతిని వివరించారు. పరిశీలనల్లోని దోషాల వర్గాల మొత్తం అతి తక్కువ అయ్యేలా ఫలితాన్ని ఎంచుకునే పద్ధతి అది. దానివల్ల వచ్చే సమీకరణాల గుంపును క్రమపద్ధతిలో ఒక్కో అవ్యక్తాన్ని తొలగిస్తూ సాధించే తీరును 1810లో పల్లాస్ లెక్కల సందర్భంగా చూపారు. అవ్యక్తాలను తొలగించే ఉపాయం అంతకుముందూ ఉన్నదే. దానికి తప్పులు దొర్లకుండా నడిచే ఒక పట్టిక క్రమాన్ని ఇచ్చింది గాస్. నేటికీ అది ఆయన పేరుతోనే బోధనలో ఉంది.

1812లో ఆయన మరో విధమైన లాగరిథమ్ పట్టికను ప్రచురించారు. మామూలు పట్టికలతో గుణకారం సులువే గాని, లాగరిథమ్‌లు మాత్రమే తెలిసిన రెండు సంఖ్యలను కూడాలంటే వాటిని మళ్లీ సంఖ్యలుగా మార్చవలసి వచ్చేది. ఇటలీకి చెందిన లియొనెల్లి అంతకుముందే చేసిన సూచనను అనుసరించి గాస్ ఆ మార్పిడి అక్కర్లేని పట్టికను సిద్ధం చేశారు. సంఖ్యలను లాగరిథమ్‌ల రూపంలోనే ఉంచి పనిచేసే కొన్ని సిగ్నల్ ప్రాసెసింగ్ రూపకల్పనలు నేడు ఆశ్రయించేది ఈ ఆలోచననే.

1814లో వైశాల్యాలను లెక్కించే పద్ధతిని ప్రకటించారు. వక్రరేఖ కింది వైశాల్యాన్ని కొన్ని చోట్ల ఎత్తులను కొలిచి అంచనా వేయడం పాత విధానం. ఆ చోట్లను సమాన దూరాల్లో తీసుకునేవారు. ఎక్కడ కొలవాలో తెలివిగా ఎంచుకుంటే అంతే శ్రమతో ఎక్కువ కచ్చితత్వం వస్తుందని గాస్ నిరూపించారు. సమాన దూరాల్లోని అయిదు బిందువులు అయిదో ఘాతం వరకు కచ్చితమైన ఫలితం ఇస్తే, ఆయన ఎంచుకున్న అయిదు బిందువులు తొమ్మిదో ఘాతం వరకు ఇస్తాయి.

1820ల ఆరంభం నుంచి హానోవర్ రాజ్యపు భూమి కొలతల బాధ్యత ఆయన మీద పడింది. వేసవుల్లో అడవులు, కొండలు తిరుగుతూ కోణాలు కొలిచేవారు. రాత్రివేళల్లో లెక్కలు చేసేవారు. దూరపు శిఖరాల మీది గురుతులు కనబడేందుకు అద్దంతో సూర్యకాంతిని మళ్లించే హీలియోట్రోప్ అనే పరికరాన్ని 1821లో రూపొందించారు. భారతదేశంలో జరిగిన మహా త్రికోణమితి సర్వేలో జార్జ్ ఎవరెస్ట్ బృందం కూడా తరువాత హీలియోట్రోప్‌లను ఉపయోగించింది. పెద్ద సమీకరణాల గుంపులను ఒక అంచనాతో మొదలుపెట్టి, విడతలవారీగా సవరించుకుంటూ పోయే పద్ధతిని ఆయన 1823లో తన శిష్యుడు గెర్లింగ్‌కు లేఖలో నేర్పారు. అలసటలో ఉన్నవాడు కూడా చేసుకోగలిగినంత తేలికైన పని అది. ఒకచోట చిన్న తప్పు జరిగినా తరువాతి విడతలు దానిని సరిదిద్దుతాయి.

1833లో భౌతికశాస్త్రవేత్త విల్‌హెల్మ్ వెబర్‌తో కలిసి వేధశాలకు, భౌతికశాస్త్ర విభాగానికి మధ్య సుమారు ఒక కిలోమీటరు దూరం ఊరి ఇళ్ల కప్పుల మీదుగా తీగ లాగి విద్యుత్ టెలిగ్రాఫ్‌ను నడిపారు. సూది కుడికీ ఎడమకూ కదిలే కదలికలతో అక్షరాలను పంపేవారు. రెండే గుర్తులతో భాషను పంపిన ఆ తీగ డిజిటల్ సంకేతాలకు తొలి బంధువని చెప్పవచ్చు. 1837లో రాజు రాజ్యాంగాన్ని రద్దు చేయడాన్ని నిరసించిన ఏడుగురు ఆచార్యులను పదవుల నుంచి తొలగించారు. వారిలో వెబర్, గాస్ అల్లుడు ఎవాల్డ్ ఉన్నారు. ఆ జంట పరిశోధన దానితో కుంటుపడింది.

మౌనానికి మూల్యం

కొద్దిగా ఇచ్చినా పండినదే ఇవ్వాలన్నది గాస్ నియమం. ఆయన ముద్రికపై కొద్ది కాయలే ఉన్న చెట్టు బొమ్మ ఉండేది. కట్టడం పూర్తయ్యాక పరంజాను తీసివేసినట్లు, తాను ఫలితానికి చేరిన దారిని రచనల నుంచి తొలగించేవారు. పూర్తిగా తృప్తి కలగనిది కాగితాల కట్టల్లోనే ఉండిపోయేది.

ఈ నియమం వల్ల ఆయన గ్రంథాలకు మచ్చలేని రూపం వచ్చింది. ఇతరులకు మాత్రం నష్టం జరిగింది. కనిష్ఠ వర్గాల పద్ధతిని ఫ్రాన్స్‌లో లెజాండర్ 1805లోనే ముద్రించారు. తాను 1795 నుంచీ దానిని వాడుతున్నానని గాస్ 1809లో ప్రకటించడంతో లెజాండర్ తీవ్రంగా నొచ్చుకున్నారు. 1832లో హంగరీకి చెందిన యువకుడు యానోష్ బోయాయ్ కొత్త జ్యామితిపై తన పరిశోధనను తండ్రి ద్వారా పంపారు. ఆ తండ్రి గాస్‌కు విద్యార్థి దశ నుంచి మిత్రుడు. ఆ ఫలితాలు తనకు చాలా కాలంగా తెలిసినవేనని గాస్ బదులిచ్చారు. అది నిజమే. కానీ ఆ జవాబుతో కుంగిపోయిన యానోష్ తరువాత గణితంలో మరే రచనా ప్రచురించలేదు.

1805 నాటి వ్యాసం విషయంలో నొచ్చుకున్నవారు ఎవరూ లేరు, ఎందుకంటే దాని సంగతి ఎవరికీ తెలియదు. గాస్ 1855 ఫిబ్రవరి 23న గోటింగెన్‌లో 77 ఏళ్ల వయసులో మరణించారు. ఆయన సమగ్ర రచనల మూడో సంపుటంలో ఆ వ్యాసం 1866లో అచ్చయింది. అయినా అది లాటిన్‌లో ఉంది. అందులోని గుర్తులు ఆయన సొంతవి. చదివినవారు తక్కువ, చదివి దాని బలాన్ని గుర్తించినవారు ఇంకా తక్కువ. ఈలోగా ఆ ఉపాయంలోని ముక్కలను వేర్వేరు కాలాల్లో వేర్వేరు వ్యక్తులు మళ్లీ మొదటి నుంచి కనుగొనవలసి వచ్చింది. 1903లో జర్మనీలో కార్ల్ రుంగే, 1942లో ఎక్స్-రే లెక్కల కోసం అమెరికాలో డేనియల్‌సన్, లాంజోస్ ఆ దారిలో నడిచారు. అవి కూడా తమ తమ రంగాలను దాటి పోలేదు.

అణుపరీక్షలు తెచ్చిన అవసరం

1960లలో ఆ అవసరం అంతర్జాతీయ స్థాయిలో వచ్చింది. భూగర్భంలో జరిపే అణుపరీక్షలను పసిగట్టాలంటే దూరం నుంచి నమోదైన భూప్రకంపనలను తరంగాలుగా విడదీసి, అది భూకంపమో పేలుడో తేల్చాలి. అప్పటి కంప్యూటర్లకు కూడా నేరు పద్ధతి మోయలేని బరువు. అమెరికా అధ్యక్షుడి శాస్త్ర సలహా సంఘం సమావేశంలో జాన్ టూకీ రాసుకుంటున్న సూత్రాలను గమనించిన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ గార్విన్, ఐబీఎం సంస్థలోని జేమ్స్ కూలీ చేత ప్రోగ్రాము రాయించారు. అసలు ప్రయోజనం చెప్పకుండా, హీలియం-3 స్ఫటికం గురించిన లెక్క కోసమని కూలీకి తెలిపారు.

కూలీ, టూకీల అయిదు పుటల వ్యాసం 1965 ఏప్రిల్‌లో 'మ్యాథమెటిక్స్ ఆఫ్ కంప్యుటేషన్' పత్రికలో వెలువడింది. కొద్ది ఏళ్లలోనే రాడార్, చమురు అన్వేషణ, ఖగోళశాస్త్రం, వైద్య పరికరాలు దానిని స్వీకరించాయి. ఆ పద్ధతి మూలాలను వెదుకుతూ వెళ్లినవారు చివరికి గాస్ వద్దకు చేరారు. గణన చరిత్రపై 1977లో వచ్చిన గ్రంథంలో హర్మన్ గోల్డ్‌స్టైన్ ఈ సంగతిని ప్రస్తావించారు. 1984లో హైడ్‌మన్, జాన్సన్, బరస్ అనే ముగ్గురు పరిశోధకులు గాస్ లాటిన్ వ్యాసాన్ని విశ్లేషించి, 1965 నాటి పద్ధతి సారాంశం అందులో ఉందని స్పష్టంగా చూపారు.

చిప్‌లో ఆ పాత లెక్క

సరిగ్గా ఆ రోజుల్లోనే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వంటి సంస్థల డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్లు మార్కెట్లోకి వస్తున్నాయి. గుణించి, ఆ ఫలితాన్ని నడుస్తున్న మొత్తానికి కలపడాన్ని ఒకే అడుగులో ముగించడం వాటి ప్రత్యేకత. ఒక హద్దు చేరగానే మొదటికి తిరిగి వచ్చే చిరునామాలు కూడా వాటిలో ఉన్నాయి. వాటి వెనుక ఉన్నది గాస్ 1801లో వివరించిన శేషాల గణితమే.

బిందువులను సగం సగంగా విడదీసినప్పుడు వాటి వరుస చెదురుతుంది. ఎనిమిది బిందువుల లెక్కలో 001 స్థానంలోనిది 100 స్థానానికి పోతుంది. ఇలా అంకెలను తిరగేసి చదివే చిరునామా విధానాన్ని అనేక ప్రాసెసర్లలో నేరుగా హార్డ్‌వేర్‌లోనే అమర్చారు. ఈ పద్ధతి కోసమే చిప్ రూపాన్ని మార్చారన్న మాట. సైన్ పట్టికలో 0 నుంచి 90 డిగ్రీల వరకు భద్రపరిస్తే చాలు, మిగతా మూడు పాదాలను సౌష్ఠవంతో రాబట్టవచ్చు. పూర్ణాంకాలతో పనిచేసే చిప్‌లలో మొత్తం హద్దు దాటిపోకుండా ప్రతి దశలోనూ విలువలను సగం చేస్తారు.

రెండు సంకీర్ణ సంఖ్యల గుణకారానికి మామూలుగా నాలుగు గుణకారాలు కావాలి. కొన్ని కూడికలను అదనంగా చేసి మూడింటితోనే ముగించే ఉపాయాన్ని కూడా గాస్‌కే ఆపాదిస్తారు. గుణకారం ఖరీదైన చోట అది లాభం. గుణకారం, కూడిక ఒకే వేగంతో జరిగే చిప్‌లో అదే నష్టం కావచ్చు. ఏ యంత్రానికి ఏ పని భారమో తెలుసుకున్నాకే లెక్కను మలచాలన్నది ఈ రంగంలోని ఇంజినీర్లకు మొదటి పాఠం. గాస్‌కు ఆ యంత్రం ఆయన చేయి, కళ్లు, ఓపిక. పట్టికలో వెదకడం, పెద్ద సంఖ్యలను గుణించడం ఆయనకు భారం. ఆ భారం ఎక్కడ ఉందో చూసి అక్కడే తగ్గించారు.

నేటి 4జీ, 5జీ ఫోన్లు ఒకే తరంగంలో అనేక పౌనఃపున్యాలను కలిపి పంపడానికి, విడదీసి అందుకోవడానికి ఈ పద్ధతినే వాడతాయి. ఎంఆర్ఐ యంత్రం అంకెల నుంచి శరీరపు చిత్రాన్ని గీసేటప్పుడూ ఇదే లెక్క నడుస్తుంది. 1805లో పల్లాస్ కోసం పన్నెండు సంఖ్యలతో మొదలైన ఆ లెక్క ఇప్పుడు ప్రతి క్షణం కోట్లాది చిప్‌లలో జరుగుతోంది.